వారంలో ఒక మధ్యాహ్నం మాకు జిల్లాను పాఠంగా చెప్పండి: ఎంబీఏ కళాశాలలకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ఎంబీఏ కళాశాలల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, అధ్యాపకులకు, విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల్లో సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారాలు.

నేను నెల్లూరు నగరంలోని ఒక కళాశాలలో ఈ విద్యా సంవత్సరమే ఎంబీఏలో చేరిన విద్యార్థినిని. మాది అల్లూరు వైపు ఒక పల్లె. బీకాం పూర్తయ్యాక ఐసెట్ రాసి, కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన తరువాత ఫీజు గురించి, రాకపోకల గురించి ఇంట్లో నాలుగు రోజులు మాట్లాడుకుని చేరాను. మా నాయనకు రెండెకరాల మాగాణి ఉంది. అమ్మ పొదుపు సంఘంలో రెండో లీడరు. మా ఇంట్లో ఈ చదువు దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే కాబట్టి, కొత్తగా చేరిన మాలాంటి వాళ్ల రోజు ఎలా గడుస్తున్నదో, అందులో ఏమి లోపిస్తున్నదో మీకు చెప్పుకోవడం అవసరమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

నేను కోరేదేమిటో ముందే చెప్తాను. వారంలో ఒక మధ్యాహ్నాన్ని టైంటేబుల్‌లో కేటాయించి, ఆ పూటకు తరగతి గదిలో వేసినట్టే హాజరు వేసి, ఇంటర్నల్ మార్కుల్లో దానికి వాటా ఇచ్చి, మన రెండు జిల్లాల్లో సరుకు పుట్టే చోటికి, కాటా వేసే చోటికి, వేలం జరిగే చోటికి మమ్మల్ని పాఠం కోసం పంపించండి. ఏడాదికి ఒకసారి బస్సు మాట్లాడి తీసుకువెళ్లే పారిశ్రామిక సందర్శన ఇప్పటికే ఉంది. దాన్ని కాదనడం లేదు, కానీ నేను అడుగుతున్నది ప్రతివారం జరిగే పని గురించి.

మా సోమవారం ఎలా ఉంటుందో చెప్తే మిగిలిన నాలుగు రోజులూ చెప్పినట్టే. తెల్లవారుజామున ఐదింటికి లేచి, అమ్మ పొయ్యి దగ్గర పనిలో ఉండగా నేను వాకిలి చిమ్మి, నీళ్లు పట్టి, రాత్రి సగంలో ఆపిన అసైన్‌మెంట్ ముగిస్తాను. ఏడు గంటలకు మా ఊరి మీదుగా వచ్చే పల్లెవెలుగు తప్పిపోయిందంటే తరువాతి బస్సులో వెళ్లేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం మాకు పెద్ద ఊరట. పాసు డబ్బుల కోసం ఇంట్లో చేయి చాచే పని తప్పింది. రద్దీ మాత్రం బాగా పెరిగింది. కోవూరు వచ్చేసరికి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్ల మీదుగా నిలబడినవాళ్లు ఒరుగుతూ ఉంటారు, పుస్తకం తెరిచే వీలుండదు. పెన్నా వంతెన దాటి ఊళ్లోకి వచ్చి, అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కి కళాశాల చేరేసరికి తొమ్మిది దాటుతుంది. తొమ్మిదిన్నరకు గంట కొడతారు. అప్పటి నుంచి నాలుగున్నర దాకా, మధ్యాహ్న భోజనం విరామం తీసేస్తే, వరుసగా పీరియడ్లే.

మొదట మేనేజ్‌మెంట్ సూత్రాలు, తరువాత మేనేజీరియల్ ఎకనామిక్స్, ఆపైన అకౌంటింగ్. భోజనం తరువాత స్టాటిస్టిక్స్, బిజినెస్ కమ్యూనికేషన్, చివర్లో కంప్యూటర్ ల్యాబ్ లేదా ఆప్టిట్యూడ్ శిక్షణ. ప్రొజెక్టర్ మీద స్లైడు వస్తుంది, సార్ చదువుతారు, రెండు మాటలు వివరిస్తారు, మేము రాసుకుంటాము, మరో స్లైడు వస్తుంది. మా అధ్యాపకుల్లో చాలామంది ఓపిక ఉన్నవాళ్లు, అడిగితే రెండోసారి చెప్పేవాళ్లు. ఒక్కొక్కరి నెత్తిన రెండు మూడు సబ్జెక్టులు, హాజరు నమోదు, తనిఖీలకు సిద్ధం చేయవలసిన ఫైళ్లు, వేసవి వస్తే అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, ఇన్ని ఉన్నాయి. ఇంత భారం మధ్య వాళ్లు పుస్తకంలో ఉన్న ఉదాహరణకే కట్టుబడిపోవడాన్ని నేను తప్పుపట్టలేను. ఆ ఉదాహరణల్లో కంపెనీలన్నీ డెట్రాయిట్‌లోనో, టోక్యోలోనో, మహా అయితే ముంబైలోనో ఉంటాయి. వాటిని నేర్చుకోవలసిందే. వాటితో పాటు అల్లూరు, చీమకుర్తి, కొండపి, పొదలకూరు అనే పేర్లు కూడా మా పాఠాల్లోకి రావాలన్నదే నా కోరిక.

సాయంత్రం ఐదు దాటాక బస్టాండులో బస్సు ఎక్కి, ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. కాళ్లు కడుక్కుని, అమ్మకు కాస్త సాయం చేసి, తొమ్మిదింటికి పుస్తకాల ముందు కూర్చుంటే పదకొండు దాకా అసైన్‌మెంట్లతో, రికార్డులతో సరిపోతుంది. ఆ అసైన్‌మెంట్లలో ఎక్కువ భాగం ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు చేరి అలాగే కాగితం మీదికి ఎక్కుతాయని మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఒకే జవాబు అరవై మంది రాయవలసి వచ్చినప్పుడు అంతకన్నా వేరుగా జరగడం కష్టం. నా కళ్లకు కనబడేది ఇదీ: ఉదయం ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా వ్యాపారం గురించి చదివే మనిషికి వ్యాపారం ఎదురుపడేది బస్సు కిటికీ లోంచి మాత్రమే. రైసు మిల్లుల ముందు నిలిచిన ధాన్యం లారీలు, రొయ్యల మేత బస్తాలు దించుతున్న గోడౌన్లు, ఐసు నింపుకుని వెళ్లే వ్యాన్లు రోజూ మా పక్క నుంచే పోతుంటాయి. వాటి గురించి తరగతిలో మమ్మల్ని ఎవరూ అడగరు.

స్టాటిస్టిక్స్‌లో శాంప్లింగ్ పాఠం జరిగిన రోజు సంగతి ఒకటి చెప్పాలి. పుస్తకంలో ఉన్నది బల్బుల ఫ్యాక్టరీ లెక్క: వెయ్యి బల్బుల్లోంచి కొన్ని తీసి పరీక్షించి మొత్తం సరుకు నాణ్యతను అంచనా వేయడం. నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్లది విడవలూరు వైపు, వాళ్ల నాన్న కౌలుకు రొయ్యల చెరువులు చేస్తారు. పాఠం అయ్యాక ఆమె తన నోటు పుస్తకం చివరి పేజీలో చెరువు బొమ్మ గీసి, పట్టుబడికి ముందు శాంపిల్ ఎలా తీస్తారో నాకు చూపించింది. మేత పడే చోట మాత్రమే వల విసిరితే పెద్ద రొయ్యలే ఎక్కువగా పడి చెరువంతా బాగా ఎదిగినట్టు కనబడుతుందట, అందుకని నాలుగు మూలల్లోనూ, మధ్యలోనూ విసరాలట. పడిన రొయ్యల్లోంచి కిలో తూచి లెక్కపెడితే యాభై వస్తే అది 50 కౌంట్, అంటే సగటు రొయ్య 20 గ్రాములు. వంద వస్తే 100 కౌంట్, సగటున 10 గ్రాములు. కౌంట్ పెరిగినకొద్దీ ధర తగ్గుతుంది. రైతు 50 అనుకున్న చెరువు కొనేవాడి కాటా దగ్గర 60 అని తేలితే, ఆ తేడా టన్నుల మీద ఎంత నష్టమో ఆమె వేళ్ల మీద లెక్క చెప్పింది. పక్షపాతం ఉన్న నమూనా, సగటు, అంచనాలో పొరపాటుకు అయ్యే ఖర్చు, ఇవన్నీ ఆ ఒక్క పేజీలో ఉన్నాయి. ఆ పేజీకి మార్కులు లేవు, బల్బుల లెక్కకు ఉన్నాయి. ఆమె ఆ పాఠాన్ని బోర్డు మీద చెప్పే అవకాశం ఉంటే తరగతిలో సగంమంది శాంప్లింగ్‌ను జీవితంలో మరిచిపోరు.

ఆ చెరువుల చుట్టూనే బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ పాఠమంతా చెప్పవచ్చు. 1990ల్లో టైగర్ రొయ్య ఈ తీరాన్ని ఒక ఊపు ఊపి తెల్లమచ్చ తెగులుతో కుదేలైంది. 1996లో సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల సాగుపై తీర్పు ఇచ్చింది. 2009లో వనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి రావడంతో సాగు మళ్లీ లేచింది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, ఆ దెబ్బ వాషింగ్టన్ నుంచి మా పక్క ఊరి చెరువు గట్టు మీదికి రావడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఒకే సరుకును ఒకే దేశానికి ఎక్కువగా అమ్ముకోవడంలో ఉన్న ప్రమాదం ఏమిటో ఆ రోజుల్లో మా ఊరి టీ కొట్టు దగ్గర చర్చకు వచ్చినంత సూటిగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇక ధాన్యం. మా జిల్లాలో రైతులు ఇప్పటికీ పుట్టి లెక్కనే మాట్లాడతారు. పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర క్వింటాలుకు చెప్తుంది. 2025-26కు ఏ గ్రేడ్ ధాన్యానికి క్వింటాలు 2,389 రూపాయలు, అంటే పుట్టికి 20,306 రూపాయల 50 పైసలు. తేమ 17 శాతం మించకూడదన్నది నిబంధన. నేను కళాశాలలో చేరడానికి కొంచెం ముందు జరిగిన ఎడగారు పంట కోతలప్పుడు మా కల్లం దగ్గరికి వచ్చిన కొనుగోలుదారు చేతిలో తేమ మిషన్ ఉంది. పిడికెడు గింజలు అందులో పోసి, మూత బిగించి, కనబడిన అంకె 19 అని పైకి చదివాడు. మిషన్‌ను మా వైపు తిప్పి చూపలేదు. పుట్టికి నలభై కిలోలు తరుగు ఇస్తేనే కాటా పెడతానన్నాడు. పడమట మబ్బు పట్టి ఉంది, పట్టలు సరిపడా లేవు, కోత మిషన్ బాడుగ ఆ సాయంత్రమే ఇవ్వాలి. మా నాయన రెండు నిమిషాలు నేల చూపు చూసి, "సరే, కానీయండి" అన్నారు. ఎకరాకు మూడు పుట్ల లెక్కన రెండెకరాలకు ఆరు పుట్లు. నలభై కిలోల తరుగు విలువ మద్దతు ధరతో లెక్క కడితే పుట్టికి 955 రూపాయల పైమాటే, ఆరు పుట్లకు 5,700 దాటుతుంది.

మేనేజీరియల్ ఎకనామిక్స్‌లో ఒక పక్షానికి తెలిసినది రెండో పక్షానికి తెలియనప్పుడు మార్కెట్ ఎలా వంకరపోతుందో చెప్పే పాఠం ఉంది. పుస్తకంలో దానికి పాత కార్ల అమ్మకం ఉదాహరణగా ఇచ్చారు. మాకు ఆ తేమ మిషన్ ఉదాహరణగా ఇవ్వండి. రైతుల గుంపుకు సొంతంగా ఒక మిషన్ ఉంటే తరుగు ఎంత తగ్గుతుంది, దాని ఖరీదు ఎన్ని పుట్లకు తిరిగి వస్తుంది, నాలుగు పట్టలు అదనంగా ఉంటే బేరంలో రైతు ఎంతసేపు నిలబడగలడు, ఇవి లెక్కలు కట్టగల ప్రశ్నలు. స్టౌన్‌హౌస్‌పేట మిల్లర్ల వైపు నుంచి కూడా వినాలి. తేమ ఎక్కువున్న ధాన్యం ఆడిస్తే నూక ఎంత పెరుగుతుందో, బియ్యం దిగుబడి ఎంత తగ్గుతుందో వాళ్లు చెప్తారు, ఆ వాదనలోనూ నిజం ఉండవచ్చు. రెండు వైపులా విని లెక్క తేల్చడమే మేము నేర్చుకోవడానికి వచ్చిన విద్య.

అమ్మ సంఘం గురించి చెప్పకుండా ఈ జిల్లా గురించి రాయలేను. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా నెల్లూరు జిల్లా పల్లెల్లో రాత్రి బడులు నడిచాయి. ఆ బడుల్లో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ వెంటనే, సారాకు పోయే డబ్బును ఆదా చేద్దామని, రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపు లక్ష్మి పథకం ఈ జిల్లాలోనే ఊపందుకుంది. ఇవాళ ఊరూరా ఉన్న పొదుపు సంఘాల వెనుక ఆ రూపాయి ఉంది. పెద్దవాళ్ల బడిలో ఒక పాఠం వాళ్ల ఇంటి బాధను తాకినందువల్ల ఇంత జరిగింది. చదువు దగ్గరి విషయాన్ని పట్టుకుంటే ఏమవుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఆధారం మన జిల్లాకు బయట వెతకనక్కర్లేదు.

నెలలో సంఘం సమావేశం మా ఇంటి వసారాలో జరిగినప్పుడు నేను చూస్తుంటాను. చాప పరిచి, తీర్మానాల పుస్తకం మధ్యలో పెట్టి, పొదుపు, అంతర్గత అప్పు, బ్యాంకు అప్పు కంతు, ఒక్కొక్కరి పేరూ చదువుతారు. ఎవరైనా కట్టలేకపోతే గొడవ లేకుండా ఎలా సర్దాలో, మరుసటి నెల ఆమె చేత ఎలా కట్టించాలో పదిమంది కలిసి నిర్ణయిస్తారు. ఒకసారి ఒకామె కొడుకు ఆసుపత్రిలో ఉండి కంతు తేలేకపోతే, మిగిలినవాళ్లు తలా కొంత వేసి బ్యాంకుకు కట్టి, ఆ మొత్తాన్ని ఆమె పేరున అంతర్గత అప్పుగా రాసుకున్నారు. నమ్మకం, ఒత్తిడి, నాయకత్వం, రుణ వసూలు, నగదు ప్రవాహం అన్నీ ఆ చాప మీద కనబడతాయి. మా ఆర్గనైజేషనల్ బిహేవియర్ పుస్తకంలో గుంపుల ప్రవర్తన మీద ఒక యూనిట్ మొత్తం ఉంది. ఆ యూనిట్ చదివే వారంలో మమ్మల్ని ఒక సంఘం సమావేశానికి పంపితే, పదిమంది అమ్మలకు కూడా మా చదువు ఏమిటో తెలుస్తుంది.

ప్రకాశం వైపు వెళ్తే పాఠాలు ఇంకా పెద్దవి. ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో వర్జీనియా పొగాకు బేళ్లు వరుసలు కట్టి ఉంటాయి, వ్యాపారుల ప్రతినిధులు బేలు బేలుకూ ఆగి ధర వేస్తారు, ఒకప్పుడు కేకలతో సాగిన వేలం ఇప్పుడు యంత్రాల మీద సాగుతోంది. అమ్మేవాళ్లు వేలమంది, కొనేవాళ్లు కొద్దిమందే ఉన్న మార్కెట్ ఎలా నడుస్తుందో అక్కడ ఒక పూట నిలబడితే అర్థమవుతుంది. 1976 నుంచి పనిచేస్తున్న పొగాకు బోర్డు ఏ రైతు ఎంత పండించాలో బ్యారన్‌కు, అంటే ఆకు కాల్చే కొట్టానికి, ఇంత అని ముందే నిర్ణయిస్తుంది. ఆ కట్టుబాటు లేని నల్లబర్లీ పొగాకు 2025లో కొనే నాథుడు లేక ఇళ్లలో మూలిగితే, చివరికి సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. రెండు రకాల పొగాకు, రెండు రకాల మార్కెట్లు. సరఫరా నియంత్రణ మంచిదా చెడ్డదా అని మాతో ఒక సెమినార్ చేయించడానికి ఇంతకు మించిన సామగ్రి ఎక్కడ దొరుకుతుంది? పొగాకు ఆరోగ్యానికి చేసే చేటు గురించి కూడా అదే సెమినార్‌లో మాట్లాడుకోవాలి, ప్రత్యామ్నాయ పంటకు మారమంటే రైతు లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా చూడాలి.

చీమకుర్తి నల్లరాయి గురించి అందరికీ తెలిసిందే. నల్లని రాతిలో బంగారు రంగు మెరుపులుండే గెలాక్సీ గ్రానైట్‌ను ప్రపంచమంతా కొంటుంది. క్వారీలో దిమ్మె తీశాక ఒక సన్నని పగులు బయటపడితే దాని విలువ పడిపోతుంది. తీసిన రాయిలో అమ్ముడుపోని భాగం ఖర్చును అమ్ముడుపోయిన దిమ్మె మీద ఎలా వేయాలన్నది మా కాస్ట్ అకౌంటింగ్‌కు అచ్చమైన లెక్క. పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లు, ఉలవపాడు మామిడి, ఉదయగిరి చెక్క గరిటెలు, కృష్ణపట్నం రేవు పక్కన దిగుమతి నూనెను శుద్ధి చేసే కర్మాగారాలు, ఒక్కొక్కదాని గురించి ఒక్కొక్క మధ్యాహ్నం సరిపోదు.

కేసులతో, అంటే నిజమైన సంస్థల అనుభవాలను రాసుకొచ్చి తరగతిలో చర్చిస్తూ, బోధించడం మన దేశానికి కొత్త కాదు. 1961లో అహ్మదాబాద్ ఐఐఎం హార్వర్డ్ సహకారంతో మొదలైనప్పుడే ఆ పద్ధతిని తెచ్చుకుంది. అక్కడి అధ్యాపకులు తమ చుట్టూ ఉన్న సంస్థల దగ్గరికి వెళ్లి, మాట్లాడి, లెక్కలు తీసి, కేసు రాసి తరగతికి తెస్తారు. మన కళాశాలలు తీసుకోవలసింది ఆ వెళ్లి రాయడాన్ని. వాళ్లు రాసిన కేసును ఫొటోకాపీ తీసి మాకు పంచితే పద్ధతి మన దగ్గరికి వచ్చినట్టు కాదు.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. సిలబస్ పూర్తి కాదన్నది మొదటిది. వారానికి ఒక పూట పోతే పోయేది రెండు మూడు పీరియడ్లు. ఆ పీరియడ్లలో చదివి వినిపించే స్లైడ్లను ముందు రోజు మా ఫోన్లకు పంపితే మేము చదువుకుని వస్తాము. బస్సులో కుదరకపోయినా రాత్రి చదువుతాము, ఎందుకంటే మరుసటి మధ్యాహ్నం వాటితో పని పడుతుంది. రెండోది ఆడపిల్లల భద్రత. ఈ భయం ఇళ్లలో నిజంగా ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జట్టుకు ఆరుగురు, ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో వెంట, వెళ్లే చోటు ముందే తల్లిదండ్రులకు తెలియజేయడం, ఐదింటికల్లా బస్టాండుకు చేర్చడం, ఇంత చేస్తే మా నాయన ఒప్పుకుంటారు, మిగతావాళ్లూ ఒప్పుకుంటారు. బస్సు ఖర్చు అమ్మాయిలకు ఎలాగూ లేదు, అబ్బాయిలకు అయ్యేది తక్కువే. కాబట్టి ప్రత్యేకంగా వాహనం పెట్టవలసిన అవసరం కూడా దగ్గరి చోట్లకు రాదు. దూరమైన చీమకుర్తికో, కొండపికో సెమిస్టర్‌కు ఒకసారి వెళ్తే చాలు. ఒంగోలు కళాశాలల వాళ్లు వేలం కేంద్రాలకు, మేము చెరువులకు, మిల్లులకు వెళ్లి, రాసినవి ఒకరికొకరం పంపుకోవచ్చు.

ప్రాంగణ నియామకాలకు వచ్చే కంపెనీలు ఇంగ్లిషు, ఆప్టిట్యూడ్ అడుగుతాయి గానీ పుట్టి లెక్కలు అడగవు అన్నది మూడో మాట, మా సీనియర్లలో కొందరే ఈ మాట అన్నారు. నాకు వాళ్ల ఆందోళన అర్థమవుతుంది. ఇంటి దగ్గర అప్పులున్నవాళ్లకు ఉద్యోగమే మొదటి లెక్క. కానీ ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు అరవై మందిమీ ఒకే మాటలు వల్లిస్తున్నాము. ఒక మిల్లులో నలుగురితో మాట్లాడి తేమ నష్టాన్ని లెక్కగట్టిన అమ్మాయికి ఆ ప్రశ్నకు సొంతంగా చెప్పుకునే జవాబు ఉంటుంది. మన జిల్లాల్లో అప్పులిచ్చే బ్యాంకులు, మేత కంపెనీలు, ఎగుమతి సంస్థలు, గోడౌన్లు మనుషులను తీసుకుంటూనే ఉన్నాయి. చెరువు భాష తెలిసిన ఎంబీఏ వాళ్లకు అక్కడ విలువ ఉంటుందని నేను నమ్ముతున్నాను.

అధ్యాపకుల భారం గురించి మాత్రం యాజమాన్యాలు మనసు పెట్టాలి. ఈ పనిని ఇప్పుడున్న గంటల పైన అదనంగా వేస్తే అది కాగితం మీదే మిగిలిపోతుంది. వెంట వచ్చే సార్‌కో మేడమ్‌కో ఆ మధ్యాహ్నం పని గంటల్లో భాగం కావాలి, వాళ్లు రాసే కేసుకు వాళ్ల పేరు ఉండాలి, అడ్మిషన్ల తిరుగుడు ఆ మేరకు తగ్గాలి. ఇన్ని చేయలేమంటే రెండు సెక్షన్లలో ఒకదానితో మొదలుపెట్టండి.

చర్చ ఏ భాషలో జరగాలన్న దాని గురించి కూడా ఒక మనవి ఉంది. నివేదిక ఇంగ్లిషులో రాస్తాము, ప్రెజెంటేషన్ ఇంగ్లిషులో ఇస్తాము, అది మాకు అవసరం. మిల్లు దగ్గర, కల్లం దగ్గర విన్నది తరగతిలో మొదట చర్చించేటప్పుడు మాత్రం తెలుగులో మాట్లాడనివ్వండి. తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చి, ఇప్పటిదాకా తరగతిలో ఒక్కసారి కూడా లేవని వాళ్లు మా సెక్షన్‌లో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇళ్లలో పొలమో, చెరువో, కొట్టో ఉంది. అందరికన్నా ఎక్కువ చెప్పగలిగినవాళ్లు వాళ్లే.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ వారికి నేను విడిగా కోరేది ఇదీ. సిలబస్ మార్చే పని పెద్దదని, సమయం పడుతుందని తెలుసు. అంతదాకా ఇప్పుడున్న సబ్జెక్టుల్లోనే ఒక్కో యూనిట్‌కు ఒక స్థానిక ఉదాహరణను విద్యార్థులు తయారు చేసి సమర్పించవచ్చనీ, దాన్ని ఒక అసైన్‌మెంట్‌కు బదులుగా తీసుకోవచ్చనీ అనుబంధ కళాశాలలకు ఒక సర్క్యులర్ పంపండి. అలాంటి కాగితం ఒకటి చేతిలో ఉంటే, చేయాలని మనసున్న ప్రిన్సిపాళ్లకు ధైర్యం వస్తుంది. ఏటా మంచివి ఏరి ఒకచోట చేర్చి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంచితే, మూడు నాలుగేళ్లలో ఈ రెండు జిల్లాల వ్యాపారం మీద వాడుకోదగ్గ కేసుల సంపుటి తయారవుతుంది. మా తరువాత వచ్చేవాళ్లు బల్బుల లెక్కతో పాటు దాన్ని కూడా చదువుకుంటారు.

రెండో సెమిస్టర్ టైంటేబుల్ తయారు చేసే సమయం దగ్గర పడుతోంది. అందులో గురువారం మధ్యాహ్నం ఖాళీగా ఉంచి చూడండి. కోవూరు, స్టౌన్‌హౌస్‌పేట, విడవలూరు, పొదలకూరు చోట్ల మేము వెళ్లి మాట్లాడగల మిల్లుల, చెరువుల, మార్కెట్ కొట్ల, సంఘాల జాబితాను, ఒక్కో చోట ఏ సబ్జెక్టులో ఏ యూనిట్ నేర్చుకోవచ్చో రాసి, మా సెక్షన్ విద్యార్థులం తయారు చేస్తున్నాము. రైతులను, సంఘం లీడర్లను ముందుగా అడిగి ఒప్పించే పని కూడా మేమే చూసుకుంటాము. మీరు పిలిస్తే ఆ జాబితాతో వచ్చి కూర్చుని మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
భవదీయురాలు,
ఎంబీఏ మొదటి సెమిస్టర్ విద్యార్థిని,
నెల్లూరు.